పోచంపాడు నుంచి రాకాసిపేటకు

బాలలూ! మీరు నిజామాబాదు జిల్లాలోని పోచంపాడు చూశారా? ఆర్మూరు నుంచి నిర్మల్‌కు పోయే పెద్ద రోడ్డుకు దగ్గరలో, గోదావరికి అడ్డంగా కట్టిన ఆనకట్ట అక్కడ ఉన్నది. 1963 జూలై 26న ప్రధానమంత్రి నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు దాని పేరు శ్రీరాంసాగర్. ఆనకట్టకు 42 గేట్లు ఉన్నాయి.

మంచి వరద వచ్చిన యేట ఆ గేట్లు ఎత్తినప్పుడు చూడాలి! నీరు తెల్లని నురుగై కిందికి దూకుతుంది. ఆ హోరులో పక్కవాడి మాట వినిపించదు. చిన్నపిల్లలు హడలిపోయి అమ్మ కొంగు పట్టుకుంటారు. మొహం మీద తుంపర్లు పడగానే కిలకిలా నవ్వుతారు. ఇంకాసేపు ఉందామని మారాం చేస్తారు.

భయపడినవాళ్ళు పారిపోవాలి గదా, నవ్వుతారేం? ఎందుకంటే, వాళ్ళకూ నీటికీ మధ్య పిట్టగోడ ఉన్నది. పక్కన అమ్మ ఉన్నది. పిట్టగోడ నీటి బలాన్ని తగ్గించదు, చూసేవాడికి ధైర్యం ఇస్తుంది. అదే కింద నది ఇసుకలో నిలబడితే ప్రాణాపాయమే.

మీరు ఇష్టపడే రాక్షసుల సినిమాలకు కూడా ఇట్లాంటి పిట్టగోడ ఉంటుంది. ఈ విద్య మనకు ఎంత పాతదో తెలియాలంటే బోధన్ పోదాం పదండి.

పోచంపాడు నుంచి ఆర్మూరు మీదుగా నిజామాబాదు చేరి, అక్కడి నుంచి పడమరగా పోతే బోధన్ వస్తుంది. అది చెరుకు పండే సీమ. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం అక్కడి శక్కర్‌నగర్‌లోనే ఉన్నది. 2015లో అది మూతపడింది. బోధన్‌లో ఏకచక్రేశ్వరాలయం ఉన్నది, రాకాసిపేట అనే పేట కూడా ఉన్నది. భారతంలోని ఏకచక్రపురం తమ ఊరేనని అక్కడివాళ్ళ నమ్మకం. ఇట్లా చెప్పుకునే ఊళ్ళు దేశంలో మరికొన్ని లేకపోలేదు.

ఏకచక్రపురం కథ మీకు తెలిసిందే. బకాసురుడికి వంతుల ప్రకారం బండెడు అన్నమూ, రెండు దున్నపోతులూ, ఒక మనిషీ వెళ్ళాలి. వంతు వచ్చిన యింట యేడుపు. ఇంతకన్న భయంకరమైన సంగతి యేముంటుంది? కాని భీముడు బండి తోలుకుపోయి, ఆ అన్నం తానే తినటం మొదలుపెట్టాడు! రాక్షసుడు వచ్చి వీపు మీద దబదబా గుద్దాడు. భీముడు వెనక్కు తిరిగి కూడా చూడక ముద్ద మీద ముద్ద మింగాడు. వినే పిల్లవాడు అక్కడ పకపకా నవ్వుతాడు. బకుడి బలం రవ్వంత తగ్గలేదు, కాని వాడంటే భయం సగం తగ్గింది.

ఆ భీముడి కొడుకే ఘటోత్కచుడు. 1957లో కె.వి. రెడ్డిగారు తీసిన 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావుగారు ఆ వేషం వేశారు. అడవిలో అతను అభిమన్యుణ్ణి అడ్డగించినప్పుడు గుండె ఝల్లుమంటుంది. చుట్టాలని తెలియగానే వినయంగా నమస్కరిస్తాడు. తరవాత పెళ్ళివారి వంటకాలన్నీ ఖాళీ చేస్తాడు. లడ్లు వాటంతట అవే ఎగిరి నోట్లో పడుతుంటే ఇంకెక్కడి భయం?

1951లో వచ్చిన 'పాతాళభైరవి'లోని మాంత్రికుడు మరీ భయంకరుడు. వాడి శక్తి అంతా గడ్డంలో ఉన్నది. చివరకు రాకుమారి మెప్పుకు ఆశపడి ఆ గడ్డమే తీయించుకుంటాడు!

అమెరికాలో వాల్ట్ డిస్నీ 1937లో తీసిన 'స్నో వైట్' బొమ్మల సినిమాలోనూ ఇదే ఉపాయం. చీకటి అడవిలో కళ్ళు మిలమిలా మెరుస్తాయి. పాప కుప్పకూలి యేడుస్తుంది. వెలుగు వచ్చాక చూస్తే అవి కుందేళ్ళూ, లేళ్ళూ, పిట్టలూ!

తల్లిదండ్రులకు ఒక మాట. పిట్టగోడ లేని సినిమాలు కూడా ఉన్నాయి. వాటికి పసివాళ్ళను తీసుకుపోవద్దు. మంచి సినిమాలో భయం వచ్చినప్పుడు మాత్రం కళ్ళు మూయకండి, పక్కన కూర్చోండి.

బాలలూ, మీకూ ఒకటి చెప్పాలి. తెరమీద రాక్షసుడు కోరలు పెట్టుకున్న నటుడు. ఆట ముగిశాక కోరలు తీసేసి ఇంటికి పోతాడు. కాని మన పల్లెల్లో బాణామతి చేస్తున్నారనే అనుమానంతో నిరపరాధులను పట్టుకుని కొట్టిన సంఘటనలు జరిగాయి. అక్కడ పిట్టగోడా లేదు, నవ్వూ లేదు. ఒంటరిగా ఉండే ఒక అవ్వను చూపి "మంత్రగత్తె" అని ఎవరైనా అంటే, మీరు నవ్వకండి, వంత పాడకండి. ఆ అవ్వ ఇంటికి పోయి, "భోంచేశావా, అవ్వా?" అని అడగండి.