మగదిక్కు

2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలకు ఆరేళ్ల చదువు. మర్నాటి జనవరిలో, మామిడితోటలు పూత మీదున్నప్పుడు, పాఠాలు చెప్పడానికి చేరాను.

అద్దెకి ఇల్లడిగితే ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న: "మగదిక్కెవరూ లేరా?" నాలుగో గుమ్మంలో లేని మొగుణ్ణి సృష్టించాను. "వచ్చే నెల వస్తారండీ." తాళంచెవి చేతికొచ్చింది.

తొలి క్లాసయ్యాక ఒకమ్మాయి ఆగింది. "ఒక్కరే వచ్చారా మేడమ్? భయం వెయ్యలేదా?" పదహారేళ్లుంటాయేమో. ఇల్లొదిలి హాస్టల్లో ఉంటున్న పిల్ల. ఆమెతో అబద్ధమాడలేకపోయాను.

"ఒక్కదాన్నే. భయమేసింది."

సాయంత్రం ఇంటావిడకీ నిజం చెప్పేశాను. ఖాళీ చెయ్యమంటుందనుకున్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

"మా ఆయనకి మాత్రం చెప్పకమ్మా," అంది.