సీటు వచ్చాక

విశ్వవిద్యాలయంలో సమానత్వం ఎంతుందో రెండు చోట్ల తేలుతుంది: ప్రవేశం దగ్గర, ఆ తర్వాత నడిచే చదువులో. భారతదేశం మొదటిదానికి చట్టంతో కాపు కాసి, రెండోదాన్ని చాలావరకు కాలేజీల మంచితనానికి వదిలేసింది. అమెరికా నడిచింది దాదాపు తలకిందులుగా. గోదావరి జిల్లాల నుంచి పైచదువుకు అక్కడికి వెళ్లిన విద్యార్థులకు రెండూ అనుభవమే.

రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా రంపచోడవరం వెళ్లే దారిలో కోరుకొండ ఉంది. ఇటు వెళ్తే కాలువల కింద పండే డెల్టా, అటు వెళ్తే కొండరెడ్లు, కోయదొరలు బతికే మన్యం. పొరుగున రాజానగరం దగ్గర 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ రెండు వైపుల పిల్లలూ ఒకే తరగతిలో కూర్చునే అవకాశం పెరిగింది.

ఆ అవకాశం వెనుక పెద్ద చరిత్రే ఉంది. ఈ ప్రాంతం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కాలేజీ సీట్లను కులమతాల వారీగా పంచిన కమ్యూనల్ జీవోను కొట్టేసింది. అదే ఏడు రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లను అనుమతించే నాలుగో క్లాజు 15వ అధికరణంలో చేరింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ కాలేజీల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం సీట్లున్నాయి. 2016 నాటి చట్టం వికలాంగులకు 5 శాతం ఇచ్చింది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, ఫీజు రీయింబర్స్‌మెంటు లేకపోతే ఈ అంకెల్లో సగం కాగితం మీదే ఉండిపోయేవి. ప్రవాసుల కూడికల్లో మెరిట్ గురించి గొంతు పెంచేవారిలో కొందరు నామమాత్రపు ఫీజుతో ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవారే. ఆ సొమ్ము ఎవరిదన్న ప్రశ్న అక్కడ వినపడదు.

తరగతిలోకి అడుగుపెట్టాక సంగతి వేరు. ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012లో నిబంధనలు తెచ్చింది. తరగతిలో విద్యార్థుల కులాలు చదవకూడదు, రిజర్వేషన్ విద్యార్థి అని ముద్ర వేయకూడదు, చదువులో వెనకబడితే కులాన్ని కారణంగా ఎత్తిచూపకూడదు, హాస్టల్లో, మెస్సులో విడిగా కూర్చోబెట్టకూడదు అని వరసగా రాసింది. ఇంత విడమరిచి నిషేధించారంటే అవన్నీ ఎక్కడో ఒకచోట జరుగుతున్నవే. తెలుగు క్యాంపస్‌లో కులం పేరు ఎత్తాల్సిన పని కూడా లేదు. ‘ర్యాంకెంత?’ అని అడిగితే చాలు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లది ఇంకో ఇబ్బంది: పాఠం తెలిసినా జవాబును ఇంగ్లీషులో పేర్చలేక తెలియనివాళ్ల లెక్కలోకి వెళ్తారు.

నిబంధనలు వచ్చిన నాలుగేళ్లకు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బహిష్కరణకు గురైన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆవరణలోనే గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ఆత్మహత్య చేసుకున్నాడు. సీటు ఉంది, ఫెలోషిప్‌కు అర్హత ఉంది, ఉండటానికి గది లేదు. 2012 నిబంధనలు అమలు కావాలంటూ అతని తల్లి రాధిక, కుల వేధింపుల ఆరోపణల నడుమ ముంబైలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి అబేదా 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

సముద్రం దాటినా కులం వెంటే వస్తుంది. కాకినాడలో పెరిగి న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరైన సుజాత గిడ్ల తన కుటుంబ చరిత్రను 2017లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చి ఈ సంగతి అమెరికా పాఠకులకు చెప్పింది. తెలుగువారి విందుల్లో, రూమ్మేట్ల వెతుకులాటలో ‘మీరేమిట్లు?’ అన్న ఆరా ఇంటిపేరు, ఊరు అడగడంతో మొదలవుతుంది. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చింది. అప్పటికి 23 క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో అదే చేసింది. ఇది భారతీయులనే వేలెత్తి చూపడమంటూ అక్కడి ఇద్దరు ప్రొఫెసర్లు కోర్టుకెక్కారు. కాలిఫోర్నియా చట్టసభలు ఆమోదించిన కుల వివక్ష నిషేధ బిల్లును గవర్నర్ న్యూసమ్ 2023 అక్టోబరులో వీటో చేశారు. పాత చట్టాలే చాలునన్నది ఆయన వాదం. న్యాయశాస్త్రం ప్రకారం అది నిలబడొచ్చు. కానీ కులమంటే ఏమిటో ఎరగని అధికారి ముందు కూర్చున్న విద్యార్థికి, నియమావళిలో ఆ మాట ఉంటే సగం వివరణ తప్పుతుంది.

ఇక అక్కడి ప్రవేశాల సంగతి: 2023 జూన్ 29న హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రవేశాలపై వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు జాతిని లెక్కలోకి తీసుకోవద్దంది. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్య కార్యాలయాలను 2024 జనవరి 1 నుంచి చట్టమే మూయించింది. తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేరే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డల్లాస్ ఆ రాష్ట్రంలోనిదే. బోధన, పరిశోధన ఆ చట్టం పరిధిలోకి రావు, సమాఖ్య చట్టాల కింద వివక్ష ఫిర్యాదులు తీసుకునే విభాగాలు కొనసాగుతున్నాయి. కుల వివక్షకు గురైనవారు అక్కడ దాన్ని వంశమూలం, జాతీయ మూలం అన్న శీర్షికల కిందే రాసుకోవాలి.