యముని చూచి నవ్వు

కఠోపనిషత్తులో నచికేతుడు మృత్యురహస్యం అడిగినప్పుడు యమధర్మరాజు వెంటనే చెప్పలేదు. గోవులను, గజములను, దీర్ఘాయువును ఆశచూపి ఆ బాలుని మరలింపజూచాడు.

1994లో ఎస్.వి. కృష్ణారెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘యమలీల’లోనో, ఆ రహస్యం పొరపాటున చేజారుతుంది! యమలోకపు భవిష్యవాణి గ్రంథం భూమిపై పడి ఆలీ ధరించిన సూరజ్ పాత్రకు దొరుకుతుంది. దాన్ని వెదకుతూ యముడు, చిత్రగుప్తుడు దిగివస్తారు. కైకాల సత్యనారాయణ కిరీటధారియై, ఐస్‌క్రీమును ‘హిమక్రీము’ అంటూ ఆస్వాదిస్తుంటే, ఇంట్లో యముని పేరెత్తడానికే జంకే వృద్ధులు సైతం నవ్వుతారు. ఇది అపచారమని కొందరి ఆక్షేపణ. కాని భయం కాసేపైనా సడలనిదే మృత్యువును కన్నులెత్తి చూడడం సామాన్యునికి సాధ్యమా?

ఆ నవ్వులోనే చిత్రం అసలు విషయానికి తీసుకుపోతుంది. నచికేతుడు త్రోసిపుచ్చిన ప్రేయస్సునే సూరజ్ కోరుకొన్నాడు. గ్రంథం చూచి ధనం గడించాడు. ఒకనాడు అదే గ్రంథంలో తల్లి మరణం కనిపిస్తుంది. హాస్యగాడుగా పేరుపడిన ఆలీ ముఖంలో ఆ క్షణాన హాస్యం ఉండదు. పుట చేతిలోనే ఉంది, అక్షరం మార్చలేడు. ఎదురుగా తల్లి నిలిచి ఉంది, ఆమెకు చెప్పనూ లేడు.