నొప్పిలో వచ్చిన మాట

మేము ముగ్గురం ఒకే హాస్టల్లో పెరిగాం. ఇప్పుడు ముగ్గురం పంతుళ్ళమే. శబరి ఒడ్డు కోయ గూడేల్లో పుట్టి, కోయ పిల్లలకే తెలుగులో పాఠాలు చెప్పి జీతం తీసుకుంటున్నాం. పోయిన వేసవి సెలవుల్లో మాలో ఒకడు పెన్‌డ్రైవ్‌లో ఒక పాత రష్యన్ సీరియల్ తెచ్చాడు. మొత్తం 12 భాగాలు, ఒక్కొక్కటి గంటకు పైనే. ఇంకొకడి ఇంటి వాకిట్లో నులక మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కరెంటు ఉన్నప్పుడల్లా చూశాం. వారం పట్టింది.

దాని పేరు తెలుగులో చెప్పాలంటే ‘వసంతంలో పదిహేడు క్షణాలు’. యులియన్ సెమ్యోనొవ్ రాసిన గూఢచారి నవల 1969లో వచ్చింది. దాన్ని టీవీకి ఆయనే రాసిచ్చాడు. తీసింది తత్యానా లియోజ్నొవా అనే ఆవిడ. 1973 ఆగస్టులో సోవియట్ టీవీలో మొదటిసారి వేశారు. అది వచ్చే వేళకి వీధులు ఖాళీ అయ్యేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత రంగులద్దిన ప్రతి కూడా వచ్చిందిగానీ మేము చూసింది నలుపు తెలుపుదే.

మాకు రష్యా మరీ కొత్తేమీ కాదు. హాస్టల్ బీరువాలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కొన్ని ఉండేవి. గట్టి అట్టలు, మంచి కాగితం, మంచు బొమ్మలు. మంచంటే ఏమిటో తెలియకుండానే మంచు కథలు చదివాం. ఆ ఇష్టంతోనే దీన్నీ మొదలుపెట్టాం. తుపాకులు, ఛేజింగులు ఉంటాయనుకున్నాం. అవేమీ పెద్దగా లేవు. మనుషులు గదుల్లో కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకుంటారు, సిగరెట్లు కాలుస్తారు, ఒకరి మొహం ఒకరు చదువుకుంటారు. మొదటి భాగానికే మాలో ఒకడు కునుకు తీశాడు. ఎవడో చెప్పం.

కథ 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బెర్లిన్‌లో నడుస్తుంది. హిట్లర్ పని అయిపోవచ్చింది. నాజీ గూఢచారి శాఖలో పెద్ద హోదాలో ఉన్న స్టిర్లిజ్ అనే అధికారి నిజానికి రష్యావాడు. అసలు పేరు ఇసాయెవ్. ఏళ్ళ తరబడి జర్మన్‌గా బతుకుతున్నాడు. నాజీ పెద్దల్లో ఎవరో రష్యాకి తెలియకుండా అమెరికా వాళ్ళతో సంధి మాటలు జరుపుతున్నారు, వాళ్ళెవరో కనిపెట్టమని మాస్కో నుంచి కబురు వస్తుంది. స్టిర్లిజ్ కల్పిత పాత్ర గానీ, సంధి మాటలు నిజంగానే జరిగాయి. కార్ల్ వోల్ఫ్ అనే ఎస్.ఎస్. జనరల్ ఆ మార్చిలోనే స్విట్జర్లాండ్‌లో అలెన్ డల్లెస్‌ని కలిశాడు.

మమ్మల్ని పట్టుకున్నది మాత్రం సంధి సంగతి కాదు, దుంపల సంగతి. ఫిబ్రవరి 23 ఎర్రసైన్యం పండగ. ఆ రాత్రి స్టిర్లిజ్ తన ఇంట్లో ఒంటరిగా, చలిమంట బూడిదలో ఆలుగడ్డలు కాల్చుకుంటాడు. చేత్తో తీసుకుని తింటాడు. ఒక గుక్క మందు తాగుతాడు. తన ఊరి పాట పాడుకోవాలని ఉంటుంది, పైకి పాడలేడు. పాట మనకి వినిపిస్తుంది గానీ అతని పెదవులు కదలవు.

అది చూస్తుంటే మాకు హాస్టల్ వెనక వాగు గుర్తొచ్చింది. ఆదివారం సాయంత్రాలు అక్కడ అడవి దుంపలు కాల్చుకుని తినేవాళ్ళం. కోయలో మాట్లాడుకోవాలన్నా అక్కడికే పోయేవాళ్ళం. హాస్టల్లో కోయ మాట నోట్లోంచి వస్తే అర్ధరూపాయి జరిమానా. రాసిపెట్టిన రూలు కాదు, వార్డెన్ పెట్టింది. ఆ డబ్బులు వసూలు చేసే లీడరు కూడా కోయపిల్లవాడే. వాడిప్పుడు మాతో కూర్చుని సీరియల్ చూస్తున్న ముగ్గురిలో ఒకడు.

ఒకటో తరగతిలో చేరిన రోజుల సంగతి ఒకటి చెప్పాలి, ముఖ్యంగా టీచర్లకి. కోయలో నీళ్ళని ‘ఏరు’ అంటాం. మాలో ఒకడు దాహమై, చెయ్యెత్తి, ‘ఏరు’ అన్నాడట. పంతులుగారు తెలుగాయన. పిల్లవాడు ఏటికి పోతానంటున్నాడు అనుకుని, కూర్చోమని కసిరాడు. మళ్ళీ అడిగితే రెండు తగిలించాడు. ఆయన చెడ్డవాడేం కాదు. రెండు భాషల్లోనూ ఉన్న ఒకే మాట ఇద్దరి మధ్యా అడ్డుగోడ అయింది, అంతే. వాడు ఆ రోజు మధ్యాహ్నం దాకా దాహంతోనే ఉన్నాడు.

ఇక కేట్ సంగతి. స్టిర్లిజ్ కబుర్లని రేడియోలో మాస్కోకి పంపే అమ్మాయి ఆమె. ఆమె, భర్త ఇద్దరూ జర్మన్లుగానే బతుకుతుంటారు. ఆమె నిండు చూలాలు. కాన్పు నొప్పుల్లో ఆడమనిషి పుట్టిన భాషలోనే అరుస్తుందన్న భయం వాళ్ళ మధ్య ముందే మాటల్లో వస్తుంది. అదే జరుగుతుంది. బాంబు పడి భర్త చనిపోతాడు. ఆస్పత్రిలో కేట్ బిడ్డని కంటూ రష్యన్‌లో కేక పెడుతుంది. ఆస్పత్రి నుంచి గెస్టపోకి, అంటే హిట్లర్ రహస్య పోలీసులకి, కబురు వెళ్ళిపోతుంది. తర్వాత ఆమె చేత నిజం చెప్పించడానికి పసికందుని చలిలో, తెరిచిన కిటికీ దగ్గర పెడతారు. అది చూడలేక కాపలా ఉన్న హెల్ముట్ అనే జర్మన్ సిపాయే తనవాళ్ళని కాల్చి ఆమెని తప్పిస్తాడు.

మేము ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూస్తున్నాం. పక్కనే ఆ ఇంటి అమ్మ కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆమెకి ఇంగ్లీషూ రాదు, చదువూ రాదు. మేము మధ్యమధ్యలో ఆపి కోయలో కథ చెబుతున్నాం. ఆమె కాసేపు విని అడిగింది: “ఆ పోలీసోళ్ళు మాట్లాడేదీ, ఈ పిల్ల అరిచిందీ ఒకే మాటలాగా వినపడుతోంది. మరి ఈ పిల్ల ఎట్టా దొరికిపోయింది?”

ముందు నవ్వాం. తర్వాత ఎవరికీ జవాబు తోచలేదు. నిజమే. రష్యావాళ్ళ కోసం తీసింది కాబట్టి హిట్లర్ మనుషులు కూడా అందులో రష్యనే మాట్లాడతారు. అదంతా జర్మన్ అని చూసేవాళ్ళు అనుకోవాలి. పేపరు మీద అక్షరాలు చదివే మా కళ్ళు దాటేసిన దాన్ని ఆమె చెవి పట్టుకుంది.

ఆ రాత్రి దాని గురించే వాదించుకున్నాం. కేట్ దాచుకున్న భాష సోవియట్ దేశం మొత్తాన్నీ నడిపే భాష. ఆఫీసుది, బడిది, సైన్యానిది. యుద్ధం అయిపోతే ఆమె తన ఊరెళ్ళి ఆ భాషలోనే గట్టిగా అరవొచ్చు. దాచుకోవడం ఆమెకి ఉద్యోగం. మనకి? మాలో ఇంకొకడు ఫోన్లో వెతికి మరో సంగతి బయటపెట్టాడు. స్టిర్లిజ్ ఆలుగడ్డలు కాల్చుకున్న రాత్రికి సరిగ్గా ఏడాది ముందు, 1944 ఫిబ్రవరి 23నే, స్టాలిన్ ప్రభుత్వం కాకసస్ కొండల్లోని చెచెన్, ఇంగుష్ జనాన్ని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. ఎర్రసైన్యం పండగ సభలని మగవాళ్ళని పిలిచి చుట్టుముట్టారు. దాదాపు 5 లక్షల మందిని సరుకు రవాణా పెట్టెల్లో కుక్కి కజకిస్తాన్, కిర్గిజియాలకి పంపారు. దారిలో, చేరాక, లెక్కలేనంతమంది పోయారు. 1957 దాకా తిరిగి రానివ్వలేదు. సీరియల్‌కి ముఖ్య సలహాదారు కేజీబీ పెద్దల్లో ఒకడైన త్స్విగూన్, దొంగపేరుతో. ఆ పన్నెండు భాగాల్లో చెచెన్ల ఊసు ఎందుకుంటుంది?

దుంపలు చూసి మేము పొందిన చుట్టరికం అక్కడ కొంచెం చేదయింది. మేమూ ముంపు మండలాల వాళ్ళమే. ఊరు ఖాళీ చేయడమన్న మాట మాకు పుస్తకాల్లో మాట కాదు. అయినా సీరియల్ మీద కోపం రాలేదు. స్టిర్లిజ్ పెదవులు కదలని ఆ పాట అబద్ధమని ఇప్పటికీ అనిపించదు.

మా జవాబు సంగతి ఇంకా మిగిలే ఉంది. దాచుకోవడం మనకి ఏమిటి?

నాలుగేళ్ళ కిందట మాలో ఒకడి చెల్లెలు పట్నంలో ఒక ఆస్పత్రిలో బిడ్డని కన్నది. డిగ్రీ చదివిన పిల్ల. హాస్టల్ నుంచి వచ్చాక ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేది, అమ్మ కోయలో అడిగితే తెలుగులో జవాబు చెప్పేది. ఆ రోజు మేము ముగ్గురం వరండాలోనే ఉన్నాం. లోపల్నుంచి ఆమె కేక వినపడింది. కోయలో అమ్మని పిలిచింది. ఏమేమో అంది, అన్నీ కోయలోనే. మేము ఎన్నడూ ఆమె నోట వినని పాత మాటలు కూడా. నర్సు బయటికొచ్చి, “ఏం భాషయ్యా అది, ఏ ఊరు మీది?” అంది. అడిగింది అంతే. కసరలేదు, తిట్టలేదు. దానికి అన్న చెప్పిన జవాబు: “తెలుగే సిస్టర్. నొప్పికి ముద్దగా వస్తోంది.”

మిగతా ఇద్దరం పక్కనే ఉన్నాం. కాదనలేదు.

కేట్ వెనక గెస్టపో ఉంది. మా వెనక ఎవరున్నారు? కనబడితే చంపేవాళ్ళు లేరు, బిడ్డని కిటికీ దగ్గర పెట్టేవాళ్ళు లేరు. ఒక నర్సు నవ్వుతుందేమోనన్న భయం. ఆమె నవ్వనూ లేదు. రాత్రి వాదనలో ఇక్కడికొచ్చేసరికి అందరం ఊరుకున్నాం. ముంపు గురించి, చెచెన్ల గురించి ఎంతసేపైనా మాట్లాడగలిగిన వాళ్ళం.

ఆఖరి రోజు, పన్నెండో భాగం అయిపోయాక, అమ్మ ఆ హోటల్ ముక్క మళ్ళీ పెట్టమంది. అందులో స్టిర్లిజ్‌కి తన భార్యని చూపించడానికి ఆమెని ఒక కాఫీ హోటల్‌కి తీసుకొస్తారు. వేరు వేరు బల్లల దగ్గర కూర్చుంటారు. ఐదు నిమిషాలకు పైగా ఒక్క మాట ఉండదు. సంగీతం వస్తుంటుంది. ఆమె అతన్ని చూస్తుంది, అతను ఆమెని చూస్తాడు, తర్వాత ఆమె లేచి వెళ్ళిపోతుంది. మొత్తం సీరియల్లో మేము అనువాదం చెయ్యనక్కరలేని దృశ్యం అదొక్కటే. అమ్మ చింతపండు చేట పక్కకి జరిపి, చెంప మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

పుట్టింటికి వచ్చిన ఆ చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె కొడుకు మంచం కోడు పట్టుకుని ఊగుతున్నాడు. దృశ్యం అయిపోయింది. ల్యాప్‌టాప్ మూస్తుంటే ఆమె అంది, తెలుగులోనే: “అన్నా, ఆ రోజు నువ్వు సిస్టర్‌తో ఏమన్నావో నాకు వినపడింది.”

అన్న తలెత్తలేదు. మేమిద్దరం కూడా ఎటో చూశాం.

పిల్లవాడు నీళ్ళు కావాలని అడిగాడు. తెలుగులో అడిగాడు. అమ్మ లేవలేదు. “ఏమిటీ?” అంది, కోయలో. వాడు మళ్ళీ తెలుగులో అడిగాడు. “ఏమిటీ?” అంది మళ్ళీ. వాడు తల్లి మొహం చూశాడు, మా మొహాలు చూశాడు.

“ఏరు,” అన్నాడు.

అమ్మ లేచి కుండ మూత తీసింది.