భూమ్మీద ఉంటే చాలు

పెరిగిన ఊరంటే కొందరికి ఏరు గుర్తుకొస్తుంది, కొందరికి మామిడితోట గుర్తుకొస్తుంది. నాకు గుర్తుకొచ్చేది సైరన్. మా ఊళ్ళో కోడి కూసినా కూయకపోయినా సైరన్ మాత్రం వేళకు కూసేది. అమ్మ పొయ్యిమీంచి అన్నం దించటం, నన్ను బడికి తోలటం, పక్కింటి అత్తమ్మతో ముచ్చట్లు ముగించటం అన్నీ దాని లెక్క ప్రకారమే. మా ఇంట్లో గడియారం ఉండేది గానీ, దానికి టైము చెప్పేది కూడా సైరనే.

ఊరి పేరు భూపాలపల్లి. ఇప్పుడంటే జిల్లా కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లా అయింది, కలెక్టరుగారొచ్చారు, మర్యాద పెరిగింది. మేం 1994లో అక్కడికి వెళ్ళినప్పుడు ఆ పేరు చెబితే హన్మకొండ బస్టాండులో కూడా "పరకాల అవతలనా?" అని అడిగేవాళ్ళు. అవును, అవతలే. పరకాల దాటి, రేగొండ దాటి, ఇంకా అవతల. చుట్టూ అడవి. రైలు లేదు. రైలెక్కాలంటే ఎర్రబస్సులో వరంగల్లుకో కాజీపేటకో వెళ్ళాల్సిందే.

ఈ రైలు సంగతి మా తాతకు అస్సలు మింగుడు పడలేదు. ఆయనది ఇల్లందు. సింగరేణి బొగ్గుకు పుట్టిల్లు అదే. అక్కడ బొగ్గుందని 1871లో కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు సంపాదించింది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ అయింది. అందుకే ఇవాళ్టికీ ఆ తేదీన సింగరేణి డే చేస్తారు. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని కొనేసింది. డోర్నకల్లు దగ్గర చీలి ఇల్లందుకు వెళ్ళిన రైలు దారి బొగ్గు కోసం వేసిందే. కాబట్టి తాత లెక్కలో రైలు లేని బొగ్గూరు ఊరే కాదు. నాయనకు బదిలీ అయిందని వినగానే, "రైలు పోని ఊర్లె బొగ్గెట్ల పోతదిరా?" అన్నాడు. లారీల్లో పోతుంది తాతా! ఆ లారీ ఒకటి ఈ కథలోకి వస్తుంది, కాస్త గుర్తుంచుకోండి.

కొత్త క్వార్టర్లు, ఎర్రమట్టి రోడ్లు, అన్నింటిమీదా పల్చగా నల్లటి పొడి. ఆరేసిన బట్టల్ని తియ్యగానే ఒకసారి దులపటం మా అమ్మకు ఎంత అలవాటయిందంటే, ఇప్పటికీ దులుపుతుంది. మా కాలనీలో తెల్లచొక్కా వేసేవాళ్ళు ఇద్దరే: పెళ్ళికొడుకు, యూనియన్ నాయకుడు. బడి తరఫున ఏడాదికోసారి విహారయాత్ర ఉండేది. ఒక ఏడు రామప్ప, మరో ఏడు గణపురం కోటగుళ్ళు, ఆ పై ఏడు మళ్ళీ రామప్ప. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చినప్పుడు అందరూ పొంగిపోయారు. నాకు మాత్రం ముందుగా పులిహోర వాసన వచ్చింది.

బొగ్గుగనిని మావాళ్ళు గని అనరు, బాయి అంటారు. "నాయన ఏడి?" అంటే "బాయి మీదికి పోయిండు" అని జవాబు. నేలకింద వందల అడుగుల లోతుకు దిగిన మనిషిని "మీదికి పోయిండు" అనటంలో ఏదో భయాన్ని దాచుకోవటం ఉందని నాకు చాలా కాలం తట్టలేదు.

బాయిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోకూడదు. లోపల మీథేన్ ఉండవచ్చు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. సర్దారు చేతిలో జాలీ దీపం ఉంటుందనీ, ఆ మంటమీద లేత నీలం కుచ్చు కనబడితే గాలి మంచిది కాదన్నట్టనీ నాయన చెప్పేవాడు. అందుకని ఆయన బీడీకట్ట కిటికీ గూట్లో పెట్టి వెళ్ళేవాడు. ఇంటికి రాగానే మొదట దాన్ని పలకరించేవాడు, తర్వాత నన్ను.

బిళ్ళ సంగతి కూడా చెప్పాలి. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరుంటుంది, ఆ నంబరు వేసిన బిళ్ళ ఒకటుంటుంది. ల్యాంపు రూములో బిళ్ళ ఇచ్చి టోపీ దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం అప్పగిస్తే బిళ్ళ చేతికొస్తుంది. అంటే కొక్కేనికి బిళ్ళ వేలాడుతున్నంతసేపూ మనిషి కింద ఉన్నట్టు. రిజిస్టరు తెరవక్కరలేదు, చదువూ రానక్కరలేదు.

అమ్మ అంతవరకు బాయి మొహం చూడలేదు. 1952 నాటి గనుల చట్టం ప్రకారం ఆడవాళ్ళు భూగర్భ గనుల్లో పనిచెయ్యరాదు. ఆ నిబంధన సడలింది 2019లో. లోపల ఎలా ఉంటుందో ఆమెకు తెలిసిందల్లా నాయన చొక్కా ఉతికేటప్పుడు నీళ్ళు నల్లబడటమే.

1996 చలికాలంలో ఒక రాత్రి. నాయనది రెండో షిఫ్టు. అర్ధరాత్రయింది, రాలేదు. ఒంటిగంటయింది, రాలేదు. అమ్మ అన్నంగిన్నె మూత తీసి చూస్తుంది, పెడుతుంది. కిటికీ గూట్లో బీడీకట్ట అలాగే ఉంది. కాసేపటికి అమ్మ నన్ను లేపి, స్వెట్టరు తొడిగి, "నడు బిడ్డా" అంది. ఎక్కడికని నేనడగలేదు. నాకు పదేళ్ళు. అడక్కూడదని తెలిసే వయసే.

బాయిదాకా రెండు కిలోమీటర్లుంటుంది. దారిలో దీపాల్లేవు. అమ్మ చెయ్యి పట్టుకున్నానో, ఆమే నా చెయ్యి పట్టుకుందో గాని, మర్నాటికి నా వేళ్ళు నొప్పెట్టాయి. ల్యాంపు రూము కిటికీలోంచి ఒకాయన తొంగిచూశాడు. "నంబరు చెప్పమ్మా" అన్నాడు.

"నాలుగొందల పదిహేడు."

అమ్మకు నాయన నంబరు తెలుసునని నాకు ఆ క్షణందాకా తెలియదు. చొక్కా జేబుల్లో ఎన్ని వందలసార్లు తగిలిందో ఆ బిళ్ళ! ఆయన లోపలికి వెళ్ళాడు. ఆ ఒక్క నిమిషం అమ్మ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. తిరిగొచ్చి, "దీపం జమయింది, బిళ్ళ పట్టుకపోయిండు. పైకొచ్చిండమ్మా" అన్నాడు.

అమ్మ అక్కడే మెట్టుమీద కూలబడింది. "మరి నాయన ఎక్కడ?" అన్నాను. "ఏడనో భూమ్మీదనే ఉన్నడు గద. దొర్కుతడు తియ్యి" అంది. వచ్చేటప్పుడు అంత చీకట్లోనూ ఆమె నడక తేలికయింది. ఇంటికొచ్చి, ఆ అన్నం మేమిద్దరం తినేశాం.

జరిగిందేమిటంటే, షిఫ్టు దిగి వస్తున్న నాయనకు వెనక వరస క్వార్టరాయన ఎదురయ్యాడు. భార్యకు నొప్పులు, కాన్పు కష్టమయ్యేటట్టుంది. ఆ వేళప్పుడు బస్సెక్కడిది? బొగ్గు లారీ ఆపి, ఆమెను ముందు కూర్చోబెట్టి, మొగాళ్ళిద్దరూ బొగ్గుమీద కూర్చుని హన్మకొండ పోయారు. ఇంట్లో చెప్పమని నాయన కబురు పెట్టకపోలేదు. పెట్టాడు. ఎవరితో? సరిగ్గా నైట్ షిఫ్టుకు దిగబోతున్న మా ఎదురింటి మామతో! కబురు మామతోపాటే బాయిలోకి దిగిపోయింది. తెల్లవారి పైకొచ్చాక, మొహమైనా కడగకుండా పరుగెత్తుకొచ్చాడు పాపం.

పది గంటల బస్సులో నాయన దిగాడు. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. అమ్మ సంతోషించింది. తర్వాత మూడు రోజులు నాయనతో మాట్లాడలేదు. నాలుగోరోజు, "ఇంకోపారి కబురు పెడితే పైకొచ్చేటోనితోని పెట్టు, దిగేటోనితోని కాదు" అంది.

నాయన ఆ సంవత్సరమే ఒక పట్టు పట్టాడు. ఆ కొక్కేనికి మా ఇంటి బిళ్ళ తనతోనే ఆఖరు అని. పట్టు నెగ్గింది. 2011లో రిటైరై అమ్మ పుట్టిల్లు జనగామలో ఇల్లు కట్టుకున్నారు. ఇంటి పక్కనుంచే రైళ్ళు పోతాయి. తాత ఉంటే మెచ్చుకునేవాడు. నాయనకు చెవి మందగించింది. సైరన్ లేకుండానే పొద్దున్నే లేచి బీడీకి బదులు వక్కపలుకు వెతుక్కుంటాడు.

నేను హైదరాబాదులో ఉద్యోగం. మొన్న మీటింగులో ఉండి రెండు గంటలు ఫోనెత్తలేదు. మా ఆవిడ కంగారుపడి అమ్మకు ఫోను చేసిందట. "భూమ్మీదనే ఉన్నడు గద, దొర్కుతడు తియ్యి" అని అమ్మ పెట్టేసింది. సాయంత్రం నేను ఫోను చేసి, "అమ్మా, మా ఆఫీసు భూమ్మీద కాదు, పదకొండో అంతస్తు" అన్నాను.

"ఇంక మంచిదే గద బిడ్డా," అంది అమ్మ. "పైననే ఉన్నవు."