తెలియని పైకప్పు

సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు మా గదివాళ్ళం 'విద్యార్థి దశ - క్రమశిక్షణ' అని పేరు పెట్టి నాలుగు వాక్యాలు రాసి ఆపేశాం. ఆ నాలుగు వాక్యాలూ కిందటి సంచికలోనూ ఉన్నాయి, అంతకుముందు సంచికలోనూ ఉన్నాయి. అందుకని ఈమధ్య రెండు రాత్రులు మమ్మల్ని నిద్రపోనివ్వని ఒక బొమ్మల సీరియల్ గురించి రాస్తున్నాం. ఇరవై మూడేళ్ళు వచ్చాక బొమ్మలు చూడడమేమిటని పెద్దలు అనుకోవచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాం.

ముందు 'మేము' అంటే ఎవరో చెప్పాలి. ఒకే గదిలో ఉంటున్న నలుగురు పి.జి. విద్యార్థులం. నాలుగిళ్ళలోనూ డిగ్రీ అనే మాట మాతోనే మొదలైంది. ఆరో తరగతి నుంచీ సంక్షేమ హాస్టళ్ళలో పెరగడం వల్ల 'నేను' అనడం మాకు సరిగా అలవాటు కాలేదు. ఒకడికి జ్వరమొస్తే గదికంతా జ్వరమొచ్చినట్టే. కనుక ఇందులో ఏది ఎవరికి జరిగిందో విడదీసి చెప్పం.

మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అన్న ఒకాయన సెలవులకు వచ్చి రెండు రాత్రులు మా గదిలో ఉన్నాడు. ఆయన తన లాప్‌టాప్‌లో చూపించినదే 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్'. జపాన్‌లో 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి వరకు టి.వి.లో వచ్చిన 26 భాగాల సీరియల్. దర్శకుడి పేరు హిదెయాకి అన్నో. అన్న ఉన్న రెండు రాత్రుల్లో ఆరు భాగాలే చూడగలిగాం. కాబట్టి ఇది పూర్తి సమీక్ష కాదు, తొలి పరిచయం మాత్రమే. మాటలు జపనీసులో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. మాలో ఇంగ్లీషు ఎమ్మే చదివేవాడు వాటిని చూసి అప్పటికప్పుడు తెలుగులో చెబుతుంటే మిగిలినవాళ్ళం బొమ్మ చూశాం. వాడు తడబడినప్పుడల్లా బొమ్మ ఆపాల్సి వచ్చేది.

రోబో అంటే మాకు తెలిసింది 2010లో వచ్చిన శంకర్ సినిమా. హాస్టల్ టి.వి.లో ఎన్నిసార్లు వచ్చినా కదలకుండా చూసినవాళ్ళం. ఇదీ అలాంటిదేనని, ఇనుప బొమ్మలు కొట్టుకుంటాయని కూర్చున్నాం.

కథ 2015లో జరుగుతుంది. తీసినవాళ్ళకు అది ఇరవై ఏళ్ళ తర్వాతి కాలం, మనకు గడిచిపోయిన కాలం. ఆ కథలో 2000 సంవత్సరంలో అంటార్కిటికాలో ఒక మహా విస్ఫోటం జరుగుతుంది. మంచు కరిగి సముద్రాలు పొంగి, ఆ తర్వాత వచ్చిన యుద్ధాలూ కలిసి ప్రపంచ జనాభాలో సగం పోతుంది. జపాన్‌లో ఇక చలికాలమే రాదు. ఎప్పుడు చూసినా కీచురాళ్ళ రొద. "ఎప్పుడూ ఎండాకాలమేనా? అయితే మన ఊరే" అన్నాడు మాలో ఒకడు. బడిలో ముసలి మాస్టారు ఆ ప్రళయం గురించి చెబుతూనే ఉంటాడు, పిల్లలు ఒక్కరూ వినరు. అది చూసి మాలో దివిసీమవాడు నవ్వాడు. వాళ్ళ తాత 1977 ఉప్పెన గురించి చెబుతుంటే వాడూ అలాగే కిటికీలోంచి బయటికి చూసేవాడట.

ఆ మిగిలిన ప్రపంచం మీదికి ఎక్కడి నుంచో భారీ ఆకారాలు ఒకటొకటిగా వస్తుంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో వాటిని 'ఏంజెల్' అంటారు. ఆదివారం చర్చికి వెళ్ళే ఇంటి నుంచి వచ్చినవాడు మాలో ఉన్నాడు. దేవదూతలు శత్రువులేమిటని వాడు చాలాసేపు ఒప్పుకోలేదు. వాటితో పోరాడేవి ఇవాలు. వాటి లోపల కూర్చుని నడపగలిగినవాళ్ళు పధ్నాలుగేళ్ళ పిల్లలు మాత్రమే. షింజి అనే కుర్రాడు అలా పిలిపించబడ్డవాడు. తల్లి లేదు. తండ్రి ఏళ్ళ తరబడి ఎక్కడో ఒక మాస్టారి దగ్గర ఉంచి, ఇప్పుడు ఉత్తరంలో 'రా' అని ఒక్క మాట రాశాడు. తీరా వస్తే తండ్రి ఎత్తున అద్దం వెనక నిలబడి కిందికి చూస్తూ, ఇందులో ఎక్కు, లేకపోతే వెళ్ళిపో అంటాడు. వీడు ఎక్కనంటే, ఒళ్ళంతా కట్లతో ఉన్న మరో పిల్లను స్ట్రెచర్ మీద తీసుకొస్తారు, నువ్వు కాకపోతే ఈమె అని. ఆమె రక్తం చేతికి అంటాక వాడు ఎక్కుతాడు. మొదటి భాగం అయిపోయేసరికి గదిలో ఎవరూ మాట్లాడలేదు.

రెండో భాగంలో ఆ అంతెత్తు యంత్రం కదలాలి. ఎలా నడపాలో నేర్పే తీరిక ఎవరికీ లేదు. నడవాలని మనసులో అనుకో చాలు అంటారు. వాడు అనుకుంటాడు. ఇవా ఒక అడుగు వేస్తుంది. నడిచింది, నడిచింది అని లోపల అందరూ ఆశ్చర్యపోతారు. రెండో అడుగుకు బోర్లా పడుతుంది.

ఇక్కడ బొమ్మ ఆపమన్నది సబ్‌టైటిల్ కోసం కాదు. పి.జి.లో మొదటి సెమినార్ రోజు మాలో ఒకడు లేచి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాడు. తప్పులేని వాక్యమే, రాత్రంతా బట్టీ పట్టింది. రెండో వాక్యం రాలేదు. అలాగే నిలబడి, అలాగే కూర్చున్నాడు. తెలుగు మీడియం నుంచి వచ్చిన తమ్ముళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊళ్ళో అయితే ఇంకో రకం. పదో తరగతి పాసైన రోజు నుంచీ రేషన్ కార్డు ఫారమైనా, బ్యాంకు కాగితమైనా మన చేతికే ఇస్తారు, చదువుకున్నోడివి కదా అని. ఆ కాగితాల్లో సగం మనకూ అర్థం కావు. అర్థం కాలేదని చెప్పడానికి నోరు రాదు.

ఇవా వెనక ఒక లావుపాటి కరెంటు తీగ ఉంటుంది. అది తెగితే లోపలి బ్యాటరీ అయిదు నిమిషాలే పనిచేస్తుంది. మూడో భాగంలో అది తెగుతుంది. వెనక్కి రమ్మన్న ఆజ్ఞ వినకుండా వాడు కత్తి పట్టుకుని అరుస్తూ మీదికి పోతాడు, తెర మీద అంకెలు తరిగిపోతుంటాయి. మాలో ఫిజిక్సువాడు అంతెత్తు యంత్రం తన బరువుకు తానే కూలిపోవాలని లెక్క మొదలుపెట్టాడు గానీ ఆ అంకెలు వచ్చాక వాడూ నోరు మూసుకున్నాడు. దానికి ముందే, రెండో భాగం చివర, శిరస్త్రాణం ఊడిపోయి కింద ఒక కన్ను తెరుచుకుంటుంది. అది ఉత్త ఇనుము కాదన్నమాట. ఏమిటో ఇంకా మాకు తెలియదు.

నచ్చనివీ ఉన్నాయి. ఆడవాళ్ళను చూపించిన తీరు కొన్నిచోట్ల కథకు అవసరం లేనిది. చిన్న తరగతుల తమ్ముళ్ళకు చూపించేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఆరో భాగం గురించి ముందే చెప్పేస్తాం, నాలుగో భాగం చివరికి దాచుకున్నాం. ఆరో భాగంలో ఒక్క తుపాకీ పేల్చడానికి జపాన్ దేశమంతటి కరెంటునూ ఒకచోటికి మళ్ళిస్తారు. ఊళ్ళు వరసగా చీకటైపోతాయి. ఆ పథకం పేరు 'యాషిమా'. 2011 మార్చిలో నిజంగానే భూకంపం, సునామీ వచ్చి జపాన్‌లో కరెంటు కొరత ఏర్పడినప్పుడు, అక్కడి అభిమానులు ఇళ్ళలో కరెంటు పొదుపు చేయడానికి ఇదే పేరు పెట్టుకున్నారని అన్న చెప్పాడు. 2012-13లో మన రాష్ట్రంలో కరెంటు కోతలు గుర్తున్నవాళ్ళకు ఆ పేరు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది. స్టడీ అవర్‌లో లైట్లు పోయినప్పుడల్లా మన కరెంటుతో ఎవరో ఎక్కడో ఏదో పేలుస్తున్నారనైనా అనుకునేవాళ్ళం.

తండ్రుల సంగతి. షింజి తండ్రిని తిట్టుకుంటూ చూశాం గానీ మా నాన్నలూ ఎదురుగా మెచ్చుకునే రకం కాదు. ఫోన్ చేస్తే "తిన్నావా" అని అడిగి అమ్మకు ఇచ్చేస్తారు. మాలో ఒకడి డిగ్రీ పట్టాను వాళ్ళ నాన్న వాడికి చెప్పకుండా టౌనుకు తీసుకుపోయి ల్యామినేషన్ చేయించుకొచ్చాడు. తర్వాత పి.జి. అడ్మిషన్లో గుమాస్తా దాన్ని చూసి, ఒరిజినల్‌కు ఇలా చేయించవచ్చా అని కసిరాడు. ఆ కసురు వాడు ఇంట్లో చెప్పలేదు. షింజి తండ్రి ఆరు భాగాల్లో అలాంటి పని ఒక్కటీ చేయలేదు.

ఇక నాలుగో భాగం. అంతకుముందు ఒక సంగతి చెప్పాలి. రెండో భాగం పేరు 'తెలియని పైకప్పు'. షింజి ఆసుపత్రిలో కళ్ళు తెరిచి అదే అనుకుంటాడు. ఆ రాత్రి, వాణ్ణి తనతో ఉంచుకుంటానన్న మిసాతో అనే ఉద్యోగిని ఇంట్లో పడుకుని, ఇదీ తెలియని పైకప్పే అనుకుంటాడు. హాస్టల్లో మొదటి రాత్రి ట్రంకు పెట్టె తలదగ్గర పెట్టుకుని, పెచ్చులూడిన శ్లాబునూ తిరగని ఫ్యానునూ చూస్తూ పడుకున్నవాళ్ళు ఈ సంచిక చదివేవాళ్ళలో ఎందరో ఉంటారు. ఆ ఇంట్లోకి మొదటిసారి అడుగు పెట్టినప్పుడు షింజి పరాయివాడిలా గుమ్మంలో ఆగితే, ఇది నీ ఇల్లే అంటుంది మిసాతో. అప్పుడు వాడు 'తడైమా' అంటాడు. ఇంటికొచ్చినవాడు అనే మాట. దానికి ఇంట్లోవాళ్ళు 'ఒకయెరి' అనాలి. ఇంగ్లీషు అక్షరాలు చూసి మావాడు తడుముకున్నాడు. వెళ్ళేటప్పుడు మనకు 'వెళ్ళొస్తా' ఉంది గానీ వచ్చినప్పుడు చెప్పే మాట ఏదీ? కాసేపు ఆలోచించి, "వచ్చాను" అన్నాడు వాడు. రెండోదానికి, "వచ్చావా" అన్నాడు.

నాలుగో భాగంలో షింజి పారిపోతాడు. రైళ్ళలో ఊరికే తిరుగుతాడు, సినిమా హాల్లో రాత్రి గడుపుతాడు. ఎక్కడికి పోవాలో వాడికీ తెలియదు. చివరికి పంపించేస్తారు. స్టేషన్లో రైలు వస్తుంది, వెళ్ళిపోతుంది. మిసాతో పరుగెత్తుకొస్తే వాడు ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంటాడు. చాలాసేపు ఇద్దరూ కదలరు, బొమ్మే ఆగిపోయిందనుకుని అన్న లాప్‌టాప్ వైపు చూశాం. తర్వాత ఆ రెండు మాటలే.

మాలో ఒకడు ఎనిమిదో తరగతిలో ఒక శనివారం హాస్టల్ నుంచి పారిపోయాడు. జేబులో బస్సు చార్జీ తప్ప ఏమీ లేదు. రాత్రి ఊరు చేరేసరికి ఇంటికి తాళం. మిరపకోతల కాలం. అమ్మా నాన్నా గుంటూరు వైపు వెళ్ళి పది రోజులైందని, పక్కింటి అవ్వ చెప్పేదాకా వాడికి తెలియదు. ఆమె పెట్టిన అన్నం తిని సొంత ఇంటి అరుగు మీద పడుకున్నాడు. పైన పైకప్పే లేదు. తెల్లవారి మొదటి బస్సుకు తిరిగి వచ్చేశాడు, చార్జీ అవ్వే ఇచ్చింది. రాత్రి అటెండెన్సులో వాడి పేరుకు మేమే పలికేశాం కనుక వార్డెన్ సారుకు తెలియలేదు.

వంటశాల మెట్ల మీద పెద్దమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. గేటు సందులోంచి దూరి వస్తున్నవాణ్ణి తలెత్తి చూసింది. ఎక్కడికి పోయావని అడగలేదు.

"వచ్చావా?" అంది. "పళ్ళెం తెచ్చుకో, ఉప్మా అయిపోతోంది."

మిగతా ఇరవై భాగాలూ దసరా సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తానని అన్న మాటిచ్చాడు.