రొయ్యల లెక్క

మా బాబాయికి భీమవరం దగ్గర రెండు రొయ్యల చెరువులున్నాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతం చేసిన వారం ఫోన్ చేసి, "కంప్యూటర్లో లెక్కలేస్తావు గదరా, మళ్ళీ సీడు వెయ్యనా వద్దా?" అన్నాడు.

సరే, కూర్చున్నా. ఒక దేశం ధర పెరిగితే కొనేవాడు ఎవరివైపు ఎంత మళ్ళుతాడో అంచనా కట్టడానికి పనికొచ్చే మోడలొకటి డీటన్, ముయెల్‌బవర్ 1980లో ఇచ్చారు. పొట్టిపేరు ఎయిడ్స్! (పాపం, అప్పటికా జబ్బుకి ఆ పేరు లేదు లెండి.) పాత దిగుమతుల అంకెలన్నీ దాన్లో పోస్తే, మన ధర పెరిగేకొద్దీ అమెరికావాళ్ళు మన రొయ్యలే ఇంకా ఎక్కువ కొంటారని తేలింది!

తప్పు మోడల్‌ది కాదు, నాది. 2013లో థాయ్‌లాండ్ చెరువుల్ని ఈఎంఎస్ రోగం ఊడ్చేసింది. సరుకు కరువై ధరలు పెరిగాయి, ఆ ఖాళీలోకి మనం దూరాం. అది గిరాకీ కాదు, పక్కవాడి కష్టం. 2025లో ఈక్వడార్ చెరువులు నిండుగా ఉన్నాయి, వాళ్ళ మీద సుంకం 15 శాతమే, పైగా అమెరికాకి దగ్గర. ఒలిచిన రొయ్యల్లో మాత్రం మనదే పైచేయి.

"ఒక చెరువులో వెయ్యి బాబాయ్" అన్నా.

"దానికి కంప్యూటరెందుకురా" అని పెట్టేశాడు.